మీరు అన్న మాటకు ఒక్క మార్కు

(వాడ నుంచి వార్డుకు - 6)



పోయిన భాగంలో స్కాలర్‌షిప్ బకాయిల గురించి రాసినప్పుడు ఒక ఫైనల్ ఇయర్ మెడికో తమ్ముడు ఇన్‌బాక్స్‌లోకి వచ్చాడు. "అన్నా, థియరీ ఎట్లనో గట్టెక్కుత. ప్రాక్టికల్స్‌ల ఓస్కీ స్టేషన్లు పెడుతున్నరు. ఒక మనిషి రోగి లెక్క యాక్టింగ్ చేస్తడంట. నేను డాక్టర్ లెక్క మాట్లాడాలంట. పక్కన సారు మార్కులేస్తడంట. వార్డుల నిజం పేషెంట్ ముందట నాకు భయం గాదు. ఈ నాటకం పేషెంట్ ముందట గొంతు పెగుల్తలేదు. దీని గురించి రాయవా?" అని అడిగాడు.

రాస్తాను తమ్ముడూ. నేను డాక్టర్ని కాను. అయినా దీని గురించి మాట్లాడే అర్హత నాకు ఒకటుంది. నువ్వు భయపడుతున్న ఆ పరీక్షలో నేను రోగి కుర్చీలో కూర్చున్నాను.

అసలు మా వాడవాళ్ళకు రోగిగా నటించడం కొత్త పనేం కాదు. మా ఊరికి దగ్గర్లో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ వచ్చిన కొత్తలో, పైనుంచి తనిఖీకి వస్తున్నారంటే చాలు, పొద్దున్నే వాడలోకి బస్సు వచ్చేది. మనిషికింత అని కూలీ, మధ్యాహ్నం అన్నం పొట్లం. పోయి మంచాల మీద దుప్పటి కప్పుకుని పడుకోవాలి, అంతే. మా చిన్నమ్మ ఒకసారి పోయి వచ్చి పడీపడీ నవ్వింది. "ఏం రోగమమ్మా అని తనిఖీ సారు అడిగిండు. ఏం చెప్పాల్నో నాకెవ్వలు చెప్పలే. దగ్గొస్తుందని చెప్పి రెండుసార్లు దగ్గిన" అంది. ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. 2025లో మెడికల్ కాలేజీల తనిఖీల మీద సీబీఐ పెట్టిన కేసులో కూడా ఇలా నకిలీ రోగులను చూపించారన్న ఆరోపణ ఉంది. వార్డు నిండుగా కనబడాలంటే మన ఒళ్ళు కావాలి. ఆ ఒళ్ళుకు నోరుందన్న సంగతి మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

అందుకే ఓస్కీ అనే మాట మొదటిసారి విన్నప్పుడు నాకూ అనుమానమే వచ్చింది. ఇప్పుడు మాత్రం ఈ పరీక్ష మనకు పనికొస్తుందనే అంటున్నాను. ఎందుకు, ఎంతవరకు అన్నది చెప్పడానికే ఈ భాగం.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఓస్కీలో వరుసగా బల్లలుంటాయి. ఒక్కో బల్లను స్టేషన్ అంటారు. ఒక దాంట్లో రోగితో మాట్లాడి జబ్బు చరిత్ర రాబట్టాలి. ఇంకో దాంట్లో పొట్ట పరీక్ష చేసి చూపించాలి. ఇంకో దాంట్లో చెడ్డ కబురు చెప్పాలి. గంట కొట్టగానే మొదలు, కొన్ని నిమిషాలకు మళ్ళీ గంట, పక్క స్టేషన్‌కు నడవాలి. అందరికీ అవే ప్రశ్నలు, అదే సమయం, మార్కులకు అదే చెక్‌లిస్ట్. 1975లో స్కాట్లాండ్‌లోని డండీ నుంచి రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. మన దేశంలో 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌కు కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. రోగితో మాట్లాడే తీరు, నైతికత నేర్పడానికి ఏట్‌కామ్ అనే మాడ్యూల్ పెట్టారు. కాలేజీల్లో స్కిల్ ల్యాబ్ తప్పనిసరి చేశారు. అప్పటినుంచి ఓస్కీ అనే మాట మన పిల్లల నోళ్ళలో ఎక్కువగా వినిపిస్తోంది.

రెండేళ్ల కింద ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే మన మేడం ఫోన్ చేసింది. "అన్నా, ఫైనల్ ఇయర్ పిల్లలకు పరీక్షల ముందు ఓస్కీ ప్రాక్టీస్ పెడుతున్న. పోయినేడు హౌస్‌సర్జన్లనే రోగులుగ కూసోబెట్టిన. అందరు దోస్తులే గదా, నవ్వులాటైంది. మీ పాటల బృందంలకెల్లి ఎవరన్న వస్తరా?" అంది. బృందంలో ఐదుగురం పోయాం. రోజుకు ఇంత అని కూలీ ముందే మాట్లాడుకున్నాం. అది మాట్లాడుకోవడం తప్పు కాదని మేడమే అంది.

ఒక్కొక్కరి చేతిలో ఒక కార్డు పెట్టారు. నా కార్డు మీద ఉన్నది ఇది. పేరు యాదయ్య. వయసు 52. మార్కెట్ యార్డులో హమాలీ. రెండు గంటల నుంచి ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యికి గుంజుతోంది, చెమటలు. బీపీ గోలీలు సరిగ్గా వేసుకోడు. తాగుతాడు. శుభ్రత తక్కువ. అడిగిన దానికి తిన్నగా జవాబు చెప్పడు.

మధ్యాహ్నానికి ఇంకో కార్డు. పేరు రాజశేఖర్ రావు. వయసు 61. రిటైర్డ్ బ్యాంకు మేనేజర్. రెండు గంటల నుంచి ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యికి గుంజుతోంది, చెమటలు. చదువుకున్నవాడు. ఆందోళనగా ఉన్నాడు. ప్రశ్నలు అడుగుతాడు, సందేహాలు తీర్చాలి.

ఇద్దరిదీ ఒకటే గుండెపోటు. కానీ ఒకాయనకు ఆందోళన ఉంది, ఇంకొకాయనకు శుభ్రత తక్కువ. ఛాతీ పట్టుకుని వచ్చిన హమాలీకి ఆందోళన ఉండదా? రేపు బస్తా ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందని వాడికి గుబులుండదా? యాదయ్యకు అడగాల్సిన ప్రశ్నలు ఉండవా? కార్డు చదివి మేడం ముఖం చూశాను. ఆమె సిగ్గుపడింది. "నేను రాసినవి గావన్నా. డిపార్ట్‌మెంట్ ఫైల్ల పాతవి. ఇన్నేండ్లల్ల నేను గూడ దీన్ని గమనించలే" అంది.

ముందురోజు మాకు శిక్షణ ఇచ్చారు. నొప్పి ఎక్కడ అంటే వేలితో చూపించకూడదు, పిడికిలి ఛాతీ మీద పెట్టాలి. గోలీలు ఆపిన సంగతి అడిగితేనే చెప్పాలి. ఎందుకు ఆపావని అడిగితేనే ధర సంగతి చెప్పాలి. మంచిగా మాట్లాడిన పిల్లాడికి ఒక ముక్క ఎక్కువ చెప్పకూడదు, విసుక్కున్న పిల్లకు ఒక ముక్క తక్కువ చెప్పకూడదు. ఎంతమంది వచ్చినా అదే నొప్పి, అదే మాట. నేను నలభై ఏళ్ళుగా స్టేజీ మీద ఉన్నాను. ఇంత కష్టమైన పాత్ర వెయ్యలేదు.

పొద్దున లుంగీ, భుజాన తువ్వాల. మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా, కళ్ళద్దాలు. అదే కుర్చీ, అదే మనిషి, అదే నొప్పి. వచ్చినవాళ్ళు కూడా అదే బ్యాచ్ పిల్లలు.

పొద్దున యాదయ్య దగ్గరికి వచ్చి "ఏం పేరు నీది?", "ఎప్పటిసంది?", "తాగుతవా?" అన్నవాళ్ళే ఎక్కువ. నొప్పి ఎలా ఉందని అడగకముందే తాగుడు గురించి అడిగినవాళ్ళున్నారు. ఒకమ్మాయి ఒక్క మాట చెప్పకుండా తువ్వాల పక్కకు లాగి స్టెతస్కోప్ పెట్టింది. మధ్యాహ్నం అదే అమ్మాయి "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్, మిమ్మల్ని ఒకసారి పరీక్ష చేయొచ్చా?" అని అడిగింది. పొద్దున చూసిన మనిషినే అని గుర్తుపట్టి ముసిముసిగా నవ్వుకున్నవాళ్ళు కూడా సార్ అనే అన్నారు. మారింది చొక్కా ఒక్కటే. యాదయ్యను మీరు అన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇందులో విడ్డూరం ఏంటంటే, మార్కుల్లో ఈ తేడా ఎక్కడా కనబడలేదు. చెక్‌లిస్ట్ ఇంగ్లీషులో ఉంది. రోగిని పలకరించాడా, తన పేరు చెప్పాడా, రోగి పేరు అడిగాడా. "ఏం పేరు నీది" అన్నవాడికీ టిక్కు పడింది, "మీ పేరు చెప్తారా" అన్నవాడికీ టిక్కు పడింది. ఇంగ్లీషుకు ఉన్నది ఒక్క 'యూ'. దాంట్లో హమాలీకి, మేనేజరుకు తేడా పట్టదు. మనది తెలుగు. నువ్వు, మీరు అన్న రెండు మాటల మధ్య ఊరికి, వాడకు ఉన్నంత దూరం ఉంది. పరాయి భాషలో రాసిన చెక్‌లిస్టుకు ఆ దూరం కనబడదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, లేకపోతే అపార్థం చేసుకుంటారు. మా వాడలో అమ్మను నువ్వు అంటాం, తాతను నువ్వు అంటాం. అది చనువు. ముక్కూమొహం తెలియని మనిషిని, తండ్రి వయసున్న మనిషిని, తెల్లకోటు వేసుకుని మొదటిసారి చూస్తూ నువ్వు అనడం వేరు. అదే నోరు మధ్యాహ్నం మీరు అంది కాబట్టి పొద్దుటి నువ్వులో చనువు లేదని తేలిపోయింది.

సాయంత్రం అంతా అయిపోయాక ఒక పిల్లాడు నా కోసం నిలబడ్డాడు. మనవాడే. గురుకులంలో చదివి సీటు తెచ్చుకున్నాడు. పొద్దున నన్ను నువ్వు అన్నవాళ్ళలో వాడూ ఉన్నాడు. "అన్నా, మా నాయిన గూడ హమాలీనే. పొద్దుగాల నిన్ను జూస్తే మా నాయినే యాదికొచ్చిండు. అయినా నా నోట్లకెల్లి నువ్వు అనే వచ్చింది. మా యూనిట్ల పేషెంట్లను ఎవ్వరు మీరు అనరు. సీనియర్లు అనరు, సార్లు అనరు. నేనొక్కణ్ణే అంటే, వీడికి వాళ్ళు చుట్టాలే గదా అని నవ్వుతరు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తన తండ్రిని మీరు అంటే తన కులం బయటపడుతుందని భయపడి మనవాడు ఆ మాట మింగేశాడు. డాక్టర్ కావడమంటే ముందు తన వాళ్ళకు తనే పరాయివాడు కావడమని వాడికి ఏ పుస్తకమూ చెప్పలేదు, వార్డు చెప్పింది.

మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెకు గుండె కవాటం మూసుకుపోయే జబ్బు. చిన్నప్పుడు వచ్చిన గొంతు జ్వరానికి మందు పడక, కీళ్ళను పట్టి, చివరికి గుండెను పట్టే జబ్బు. ఇరుకిళ్ళలో, పేదవాళ్ళలో ఎక్కువగా వస్తుంది. దాని చప్పుడు స్టెతస్కోపులో ప్రత్యేకంగా వినిపిస్తుందట. అందుకని డాక్టరీ పరీక్షలకు ఆమె మంచి 'కేసు'. పరీక్షలప్పుడు పెద్దాసుపత్రి నుంచి కబురు వచ్చేది. పొద్దున్నే మంచం మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి చల్లటి గొట్టం పెట్టేవాళ్ళు. ఎడమ పక్కకు తిరుగు, ఊపిరి బిగపట్టు, వదులు. తెర ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. సాయంత్రానికి బన్ను, పాలు, చేతిలో కొంచెం చిల్లర. ఇంటికొచ్చి ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నా గుండె చప్పుడు ఇంతమంది ఇన్నరు బిడ్డా. నా మాట ఒక్కలు ఇనలే."

అలాంటి రోగి తిరగబడిన ముచ్చట ఒకటి ఈ పరీక్షల చరిత్రలోనే ఉంది. హోవర్డ్ బర్రోస్ అని అమెరికాలో నరాల డాక్టర్. డాక్టర్ల పరీక్షకు తీసుకొచ్చిన ఒక రోగి ఆయనతో ఒక రహస్యం చెప్పాడట. వచ్చిన అభ్యర్థుల్లో ఒకడు తనను మొరటుగా చూశాడని, అందుకని వాడికి కావాలనే తప్పుడు లక్షణాలు చూపించానని, ఒక కాలికి ఉండాల్సిన లక్షణం ఇంకో కాలికి మార్చేశానని. బర్రోస్ దాన్ని మర్చిపోలేదు. 1963లో లాస్ ఏంజెలెస్‌లో ఒక ఆర్ట్ మోడల్‌కు కాళ్ళు పడిపోయిన రోగిగా నటించడం నేర్పాడు. విద్యార్థి పరీక్ష చేసి వెళ్ళాక, వాడు ఏం చేశాడో ఏం చెయ్యలేదో ఆమె రాసిపెట్టేది. నాకు నచ్చింది ఆమె నటన కంటే ఆ రాత. అంతకుముందు డాక్టరే రోగి గురించి కాగితం మీద రాసేవాడు. ఇక్కడ రోగి కుర్చీలో ఉన్న మనిషి డాక్టర్ గురించి రాసింది.

"ఇదంతా డ్రామా, అసలైన వైద్యం లాంగ్ కేసులోనే తెలుస్తుంది" అనే పెద్ద ప్రొఫెసర్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. నిజమైన రోగి దగ్గర నేర్చుకునేది నటించే మనిషి దగ్గర దొరకదన్న మాటలో నిజముంది. మూసుకుపోయిన కవాటం చప్పుడు నేను నటించి వినిపించలేను. కానీ ఆ పాత పరీక్ష కూడా డ్రామానే సార్. అందులో మా అమ్మకు డైలాగు లేదు, అంతే తేడా.

ఇక మన పిల్లల వైపు నుంచి చూద్దాం. లాంగ్ కేసు, వైవా అంటే ఏంటి? ఒక గది, ఒకరిద్దరు ఎగ్జామినర్లు, వాళ్ళ ఇష్టం వచ్చిన ప్రశ్న. ఒకడికి సులువు కేసు, ఇంకొకడికి కఠినం. ఇంటిపేరు, ఊరు, ర్యాంకు, చదివిన బడి. ఈ నాలుగూ అడిగితే కులం అడగక్కర్లేదు. ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్‌లో, వైవాలో తమకు న్యాయంగా మార్కులు పడటం లేదని ఆ కమిటీతో మాట్లాడిన మన పిల్లల్లో ఎక్కువమంది చెప్పారు. ఢిల్లీలోని వర్ధమాన్ మహావీర్ మెడికల్ కాలేజీలో ఎస్సీ విద్యార్థులు ఫిజియాలజీ ఒక్క సబ్జెక్టులో మళ్ళీ మళ్ళీ ఫెయిల్ అవడం మీద భాల్‌చంద్ర ముంగేకర్ విచారణ చేసి, కుల వివక్ష జరిగిందని 2012లో తేల్చారు. ఇవి రికార్డులో ఉన్నవి. రికార్డుకెక్కనివి మీ అందరి కడుపుల్లో ఉన్నాయి.

ఓస్కీలో ప్రశ్న ముందే రాసి ఉంటుంది. పది స్టేషన్లకు పదిమంది ఎగ్జామినర్లుంటే ఒక్కడి పగ మొత్తం మార్కుల్ని ముంచలేదు. టిక్కు ఎందుకు పడలేదని అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది. అందుకే ఈ పరీక్ష మనకు పనికొస్తుంది అన్నాను.

అలాగని గుడ్డిగా నమ్మొద్దు. చెక్‌లిస్ట్ చివర 'ఓవరాల్' అని ఒక గడి ఉంటుంది. ఆత్మవిశ్వాసం, మాటతీరు, మొత్తం మీద ఎలా అనిపించాడు. కులం దూరడానికి ఆ గడి చాలు. మేడం పెట్టిన ప్రాక్టీసులోనే ఒక చెల్లె యాదయ్య దగ్గర కింద స్టూల్ లాక్కుని కూర్చుంది. "పెద్దయ్యా, భయపడకుండ్రి, మెల్లగ చెప్పుండ్రి" అంది. గోలీలు ఎందుకు ఆపారని అడిగింది ఆమె ఒక్కతే. ధర సంగతి నా నోటి నుంచి రాబట్టింది ఆమె ఒక్కతే. రోగిగా నేను ఆమెకు నిండుగా మార్కులు వేశాను. పక్కనున్న ఎగ్జామినర్ 'ఆత్మవిశ్వాసం తక్కువ' అని రాశాడు. కారణం, కేసు ఇంగ్లీషులో వివరించేటప్పుడు ఆమె తడబడింది. రోగితో మాట్లాడినదానికి మార్కు అడిగితే ఇంగ్లీషుకు మార్కు వేశాడు.

ఈ సమస్య బ్రిటన్‌లో కోర్టు దాకా పోయింది. అక్కడ జీపీలుగా అర్హత పొందడానికి సీఎస్‌ఏ అనే పరీక్ష ఉండేది. పదమూడు స్టేషన్లు, రోగులుగా నటులు. 2013లో ఎస్మాయిల్, రాబర్ట్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదు వేలకు పైగా అభ్యర్థుల ఫలితాలు పరిశీలించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. రాతపరీక్ష మార్కుల్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, బ్రిటన్‌లోనే చదివిన నల్లజాతి, మైనారిటీ డాక్టర్లు మొదటిసారి ఫెయిలయ్యే అవకాశం తెల్లవాళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. విదేశాల్లో చదివి వచ్చినవాళ్ళకు ఆ తేడా ఇంకా పెద్దది. భారతీయ సంతతి డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెక్కింది. 2014లో కోర్టు కేసు కొట్టేసింది. పరీక్ష చట్టబద్ధమే అంది. కానీ ఆ తేడా తగ్గించడానికి పరీక్ష పెట్టేవాళ్ళు ఇక కదలాలని కూడా జడ్జి చెప్పారు.

ఆ పోరాటాన్ని నేను గౌరవిస్తాను. మన తెలుగు డాక్టర్లు ఎందరో ప్లాబ్ రాసి బ్రిటన్ పోతున్నారు, వాళ్ళకూ అది అవసరమైన పోరాటమే. నాది ఒకటే ప్రశ్న. మా యాసను బట్టి, మా రంగును బట్టి మార్కులు వేస్తున్నారేమో చూడండి అని అక్కడ అడగగలిగిన పెద్దమనుషులు, ఇక్కడి వైవా గదిలో ఇంటిపేరును బట్టి మార్కులు పడుతున్నాయేమో చూడండి అని మన పిల్లలు అడిగితే 'మెరిట్' అని ఎందుకు మాట మారుస్తారు? అక్కడ లెక్కలు బయటపెట్టారు కాబట్టే తేడా దొరికింది. మన దగ్గర ఏ స్టేషన్‌లో ఏ కేటగిరీ పిల్లలకు ఎన్ని మార్కులు పడ్డాయో ఏ యూనివర్సిటీ అయినా బయటపెట్టనీ చూద్దాం.

ఇక నీ ప్రశ్నకు వస్తాను తమ్ముడూ. ఎలా ప్రిపేర్ కావాలి? మేడం చెప్పింది, రోగి కుర్చీలోంచి నేను చూసింది కలిపి చెబుతున్నా.

ముగ్గురు జట్టు కట్టండి. ఒకరు డాక్టర్, ఒకరు రోగి, ఒకరు గడియారం, చెక్‌లిస్ట్ పట్టుకుని చూసేవాళ్ళు. గంట కొట్టగానే పాత్రలు మార్చుకోండి. రోగి వంతు వచ్చినప్పుడు ఎగ్గొట్టొద్దు. అడగకుండా ఒంటి మీద చెయ్యి పడితే ఎలా ఉంటుందో ఆ వంతులోనే తెలుస్తుంది.

మొదటి నిమిషం నోటికి వచ్చేదాకా చెయ్యండి. చేతులు శుభ్రం చేసుకోవడం, నీ పేరు చెప్పడం, వాళ్ళ పేరు అడగడం, ఏం చేయబోతున్నావో చెప్పి అనుమతి తీసుకోవడం. ఆడవాళ్ళను పరీక్ష చేసేటప్పుడు పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని అడగడం, తెర వేయడం. భయంతో నోరు ఎండిపోయినా ఈ నిమిషం దానంతట అది నడవాలి. అది నడిచిందంటే గొంతు అదే పెగులుతుంది.

"ఏమైందో చెప్పండి" అని అడిగి ఊరుకో. ఒక నిమిషం అడ్డుపడకు. ఆ తర్వాతే ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలాంటి నొప్పి, ఎటు పాకుతోంది, దేనితో ఎక్కువ, దేనితో తక్కువ. తాగుడు, బీడీల సంగతి నింద లేకుండా, అందరినీ అడిగే ప్రశ్నలాగా అడుగు. మేనేజరునూ అడుగు.

చేసే పని పైకి చెప్పు. మన పిల్లల్లో చాలామంది నోరు మూసుకుని బుద్ధిగా పరీక్ష చేస్తారు. పక్కన మార్కులేసేవాడికి నీ మనసులో ఏముందో తెలియదు. "ఇప్పుడు మీ పొట్ట చూస్తున్నాను, నొప్పి లేని వైపు నుంచి మొదలుపెడతాను" అని రోగికే చెప్పు, ఇద్దరికీ వినబడుతుంది.

రోగితో తెలుగులో మాట్లాడటం, సారుకు ఇంగ్లీషులో వివరించడం రెండు వేర్వేరు విద్యలు. రెండోదానికి రోజూ పది నిమిషాలు విడిగా కేటాయించు. నీ తెలివికీ దానికీ సంబంధం లేదు, అది అలవాటు. అలవాటు రోజూ చేస్తేనే వస్తుంది.

చివర్లో నువ్వు అర్థం చేసుకున్నది రెండు వాక్యాల్లో రోగికి చెప్పి, "ఇంకేమన్నా అడగాలనుకుంటున్నారా?" అని అడుగు. గంట కొట్టాక ఆ స్టేషన్‌ను అక్కడే వదిలెయ్యి. పాడైన స్టేషన్‌ను మోసుకుంటూ పోతే పక్కది కూడా పాడవుతుంది.

ఇవి నీ వంతు. సంఘాల వంతు వేరే ఉంది. కాలేజీలను అడగండి. రోగి కార్డులు ఎవరు రాస్తున్నారు? తాగుబోతుకు, మురికివాడికి ఎప్పుడూ మన పేర్లే ఎందుకు పెడుతున్నారు? యాదయ్యకు కూడా ఆందోళన రాయండి. బస్తీల నుంచి, వాడల నుంచి మనుషులను పిలిచి, కూలీ ఇచ్చి, ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. వాళ్ళ చేతికి కూడా మార్కుల కాగితం ఇవ్వండి. ఎగ్జామినర్ ముందు పేరు కాకుండా నంబరు పెట్టండి. పరీక్ష అయ్యాక ఏ టిక్కు ఎందుకు పడలేదో పిల్లలకు చూపించండి. ఆ చెక్‌లిస్టులో తెలుగులో ఒక్క వాక్యం చేర్చండి. రోగిని మీరు అన్నారా?

మేము ఆ ఒక్క వాక్యం అడిగాం. మేడం డిపార్ట్‌మెంట్ మీటింగులో పెట్టింది. "ఒక్క మార్కు కోసం ఇంత గొడవ అవసరమా?" అన్నారట పెద్దసారు. "ఒక్క మార్కే గదా సార్, ఇద్దాం" అందట మేడం. చేర్చారు.

మరుసటి ప్రాక్టీసుకు మళ్ళీ లుంగీ కట్టుకుని కూర్చున్నాను. దాదాపు అందరూ మీరు అన్నారు. మార్కు కోసమే అన్నారు, నాకు తెలుసు. అననీ. చేతులు కడుక్కోవడం కూడా మొదట మార్కు కోసమే నేర్చుకుంటారు.

ఆ హమాలీ కొడుకు ఈసారి హౌస్‌సర్జన్. జూనియర్లకు సాయం చెయ్యడానికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "వార్డుల గూడ అంటున్నవా?" అని అడిగాను. "అంటున్న అన్నా. మొదట్ల ఒకడు నవ్విండు. చెక్‌లిస్ట్‌ల ఉంది గదరా అన్న. ఊకున్నడు" అన్నాడు.

ఆ మాట మీదనే ఈ భాగం ఆపుతున్నాను. మంచిగా ఉండాలనుకున్న మనవాడికి ఇన్నాళ్ళూ దాక్కోవడానికి చోటు లేదు. ఒక్క మార్కు వాడికి ఆ చోటు ఇచ్చింది. మీ కాలేజీలో రోగి కార్డుల మీద ఏ పేర్లున్నాయో, వాళ్ళ గురించి ఏం రాసి ఉందో చూడండి. కాలేజీ పేరు లేకుండా నాకు రాసి పంపండి. వచ్చే భాగంలో వాటి గురించే మాట్లాడుకుందాం.

జై భీమ్.